కుడి భుజం మీద వికారాబాద్

తాండూరులో సాయంత్రం ఐదు దాటితే గల్లీలో ప్రతి వాకిట్లోకీ ఒక బకెట్ నీళ్ళు వస్తాయి. బండల గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసే మగవాళ్ళు సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా ఇంటికొస్తారు. కనురెప్పలు తెలుపు, చెవులు తెలుపు, దగ్గితే వచ్చే ఉమ్మి కూడా తెలుపే. చొక్కా వాకిట్లోనే విప్పాలి, విప్పినదాన్ని దులపాలి, ఆ తరువాత నీళ్ళు పోసుకోవాలి, ఆ పైనే గడప దాటాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు గానీ చట్టంకన్నా గట్టిగా నడుస్తుంది. నిరోషా ఇంట్లో ఇంకాస్త గట్టిగా నడుస్తుంది. ఆమె కూతురు పూజితకు ఏడేళ్ళు, ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు.

వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య ఎంత దూరమని? నలభై కిలోమీటర్లు. రైలెక్కి పల్లీల పొట్లం విప్పితే అది అయ్యేలోపు ఊరొచ్చేస్తుంది. కానీ ఆ కాస్త దూరంలోనే దేవుడు మనసు మార్చుకున్నాడు. అక్కడ ఎర్రనేల, అడవి, కొండ. ఇక్కడ నల్లరేగడి, దాని కింద అరలు అరలుగా పేర్చినట్టు నాపరాయి. చలికాలంలో అక్కడి అనంతగిరి కొండ పొద్దున తొమ్మిదైనా మంచు దుప్పటి తీయదు. ఎండాకాలంలో తాండూరు బండలు తొమ్మిదికే కాలు పెట్టనీయవు. అక్కడి నీళ్ళకు సబ్బు ఇట్టే నురగొస్తుంది, ఇక్కడి నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. చివరికి ఆ కొండల మీద పడ్డ వానకు కూడా ఎటు పోవాలో తేల్చుకోక తప్పదు. తూర్పుకు దిగితే మూసీ, పడమరకు తిరిగితే కాగ్నా. అలాగని తాండూరు వాళ్ళేం తక్కువ తినలేదు. "మా కందిపప్పు రెండు పొంగులకే వెన్నలెక్క ఉడుకుతది, మీ కొండ మీద కోతులు తప్ప ఏం పండుతయి?" అని ఎవరొచ్చినా అడుగుతారు.

ఒక ఊరి వాతావరణం మనిషిని అంటుకొని ఇంకో ఊరికి వస్తుందన్నది ఈ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలుసు. అది స్నానంతో పోదు. పక్కన ఎవరైనా భుజానికి భుజం ఆనించి కూర్చుంటే అరగంటలో మారకం అయిపోతుంది. వీళ్ళ చల్లదనం వాళ్ళకూ, వాళ్ళ వేడీ దుమ్మూ వీళ్ళకూ. ఎంత ఇస్తే సరిగ్గా అంత పుచ్చుకోవలసిందే. ఎవరూ పక్కన కూర్చోకపోతే దానంతటదే పోవడానికి గంట పైన పడుతుంది. అందుకే ఎండాకాలంలో వికారాబాద్ నుంచి ఎవరొచ్చినా నేరుగా ఇంట్లోకి పోకూడదు. అరుగు మీద కూర్చొని గల్లీవాళ్ళకు తలా ఇంత చల్లదనం పంచి, ఆ తరువాతే తలుపు తీయాలి. కిందటి మేలో ఒక గుమాస్తా వికారాబాద్‌లో పెళ్ళికి పోయొచ్చి, పంచకుండా తలుపేసుకున్నాడు. గల్లీలో అతనికి ఇప్పటికీ చాయ్ పుట్టదు.

ఏప్రిల్ నెల. ఆ రోజు నిరోషా మొగుడు ఇమ్మానుయేలు వెనక సందులోంచి ఇంటికొచ్చాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి నీళ్ళు పోసుకుంటున్నాడు. నిరోషా చొక్కా తీసి గోడకేసి కొట్టింది. ఎప్పటిలాగే తెల్లటి దుమ్ము లేచింది. కానీ కుడి భుజం దగ్గర లేవలేదు. చేత్తో తడిమి చూస్తే అక్కడ అరచేయంత మేర చల్లగా, చెమ్మగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తడిసిన ఎర్రమట్టి వాసన, సీతాఫలం ఆకు నలిపిన వాసన.

అది వికారాబాద్.

వెంటనే చెప్పులు చూసింది. వాటి కింద ఉన్నది తాండూరు రాతి పిండే. ఎర్రమట్టి రేణువైనా లేదు. అంటే పోయొచ్చి చెప్పులు కడుక్కున్నాడన్నమాట అనుకుంది. కడుక్కున్న చెప్పులకు మళ్ళీ పిండి ఎలా అంటిందని ఆమె ఆలోచించలేదు. అనుమానానికి కళ్ళు పది ఉంటాయి గానీ అన్నీ ఒక్కవైపే చూస్తాయి.

"భుజానికేమైంది?" అని అడిగింది.

ఇమ్మానుయేలు గబుక్కున కుడి భుజం తుడుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"ఏమైంది? ఏం గాలే. సేటు ఆఫీసుల ఏసీ ఉంటది గదా, దాని కింద జరసేపు నిలబడ్డ."

"ఏసీల సీతాఫలం ఆకు వాసనొస్తదా?"

అతను తువ్వాలు మొహం మీద వేసుకొని తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడవడం ఎంతకీ అవలేదు.

నిరోషా అంత కంగారు పడడానికి కారణం ఉంది. కిందటి ఏడు పెద్దాసుపత్రి డాక్టరు పూజితను చూసి, "మందులతో లాగిస్తాం గానీ, ఈ దుమ్ములోంచి రెండు మూడేళ్ళు బయట పెట్టండమ్మా, కొండగాలి దొరికితే ఇంకా మంచిది" అన్నాడు. వికారాబాద్‌లో కొండ కింద ఇమ్మానుయేలు అక్క సుమిత్రమ్మ ఉంటుంది. హాస్టల్లో వంట చేస్తుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తల్లి చనిపోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. డాక్టరు మాట చెవిన పడ్డ వారానికే సుమిత్రమ్మ తాండూరు వచ్చింది, చేతిలో ఒక సంచితో. అందులో పూజిత కొలతకు కుట్టించిన రెండు జతల స్కూలు బట్టలు. ఇంకా ఎవరూ సరే అనలేదు, కాదనలేదు. ఆ సంచి చూడగానే నిరోషాకు ఒళ్ళు మండింది.

"అడగకముందే కుట్టిచ్చుకొచ్చినవా వదినె? రేపు పేరు గూడ మార్పిస్తవేమో! నీకు పిల్లలు లేరని నా బిడ్డను గుంజుకపోతవా?"

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. సుమిత్రమ్మ కూడా నాలుగు అన్నది, నిరోషా ఎనిమిది అన్నది. చివరికి నిరోషా మొగుడి చేత బైబిలు మీద చెయ్యి పెట్టించింది. అతను వికారాబాద్ బండి ఎక్కకూడదు, అక్క ఈ గడప తొక్కకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. సుమిత్రమ్మ సంచి తీసుకొని వెళ్ళిపోయింది.

ఆ ఒట్టే ఇప్పుడు తడిసిన భుజంతో ఇంటికొచ్చిందని నిరోషా అనుమానం. లేదా అక్క కాదేమో, ఇంకెవరో. ఆ రెండో ఆలోచన మొదటిదానికన్నా కాస్త ఎక్కువ కాల్చింది.

వారం రోజులు చొక్కా వాసన చూశాక ఎదురింటి మొగులమ్మతో చెప్పుకుంది. మొగులమ్మ తన ఇంటి కష్టం కన్నా ఎదుటివాళ్ళ కష్టాన్ని శ్రద్ధగా వింటుంది.

"ఒక్క భుజమేనా? ఒళ్ళంత కాదా?" అని అడిగింది, తమలపాకు నోట్లో పెట్టుకుంటూ.

"ఒక్కటే పెద్దమ్మా. కుడిదే. రోజూ కుడిదే."

"ఊరు పోయొస్తే ఒళ్ళంత అంటుకుంటది బిడ్డా. ఒక్క భుజమే అంటే… ఎవరో ఆనుకొని కూసుంటున్నరు." మొగులమ్మ గొంతు తగ్గించింది. తగ్గించినా రెండిళ్ళ అవతలికి వినిపిస్తుంది. "గింత చల్లదనం వెనక సందుల నుంచి తీస్కపోతున్నడు, గల్లీకి పంచుతలేడు. గది గూడ తప్పే. ఇంట్ల ఎట్లుంటున్నడు?"

"ఇంట్ల మంచిగనే ఉంటున్నడు. రాంగనే పిల్లను పక్కన కూసోబెట్టుకొని కతలు చెప్తున్నడు, అరగంట, ముప్పావుగంట. ఇంతకుముందు గింత ప్రేమ లేకుండె."

"అయితే ఖాయం. దొంగ మొగడికి ఇంట్ల ప్రేమ ఎక్కువైతది."

నిరోషా ఆ రాత్రి మొగుణ్ణి గమనించింది. నిజమే, పిల్లను ఎప్పుడూ కుడిపక్కనే కూర్చోబెట్టుకుంటున్నాడు. ఎడమపక్కకు వస్తే లేపి మరీ ఇటు మారుస్తున్నాడు. ఈమధ్య పూజిత రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం తగ్గింది. ఆవిరి పెట్టించడానికి క్లినిక్‌కు పరుగెత్తి ఇరవై రోజులైంది. అది తాను శుక్రవారాలు ఉపవాసముండి చేస్తున్న ప్రార్థన ఫలితమని నిరోషా నమ్మకం. బిడ్డకు నయమవుతుంటే మొగుడు చెయ్యి జారుతున్నాడే, దేవుడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటున్నాడా అని ఏడుపొచ్చింది.

పాలిష్ యూనిట్‌లో ఇమ్మానుయేలుతో పనిచేసే అంజిని బజారులో ఆపి అడిగింది. అంజి తల గోక్కున్నాడు.

"నాలుగింటికే పోతుండు వదినా. మధ్యాహ్నం అన్నం గూడ తినకుండ ఆ గంట పని చేసి, జల్ది బయటపడుతుండు. ఇంటికే వస్తుండనుకున్న."

ఇంటికి ఆరింటికి వస్తున్నాడు. యూనిట్ నుంచి ఇంటికి నడిచినా ఇరవై నిమిషాలు. మిగిలిన గంటన్నర ఎవరిది? ఆ ప్రశ్న నిరోషా గొంతులో చేపముల్లులా దిగింది. అన్నం దిగలేదు, నిద్ర పట్టలేదు. రెండు రోజులు ఓర్చుకొని, మూడో రోజు మూడున్నరకు యూనిట్ ఎదురుగా బండల లారీల చాటున నిలబడింది. మొగులమ్మ కూతుర్ని చూడడానికి పెద్దేముల్ పోయింది. పిల్లను వదిలే చోటు లేక పూజితను కూడా వెంట తెచ్చుకుంది. ముక్కుకు చున్నీ కట్టింది గానీ, లారీలు లేపే దుమ్ముకు చున్నీ ఒక లెక్కా? పది నిమిషాలకే పిల్లికూతలు మొదలయ్యాయి.

"అమ్మా, నాయినను ఎందుకు దాక్కొని చూస్తున్నం?"

"ఊకో. జర ఓర్చుకో."

నాలుగింటికి ఇమ్మానుయేలు బయటకొచ్చాడు. మొహం కూడా కడుక్కోలేదు. షేర్ ఆటో ఎక్కాడు. వీళ్ళు వెనక ఆటో ఎక్కారు. స్టేషన్ దగ్గర దిగాడు. ఇంకేముంది, బండి ఎక్కుతాడు, ఒట్టు తప్పాడు అనుకుంది నిరోషా. కానీ అతను టికెట్ కిటికీ వైపు వెళ్ళలేదు. అతను లోపలికి పోయాక ఆమె స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర ఆగింది. బండి దేవప్పది. తెలుగులోనే మాట్లాడతాడు గానీ మొదటి మాట మాత్రం కన్నడం.

"బర్రి, రా అక్కా. చాయా?"

"చాయ్ వద్దు. ఇప్పుడు లోపలికి పోయిండు చూడు, ఆయన రోజు వస్తడా?"

"ఇమ్మానుయేలన్ననా? రెండు నెలల సంది ఆదివారం తప్ప రోజు. నాలుగున్నర ప్యాసింజర్‌కి వికారాబాద్ నుంచి ఒకామె దిగుతది. ఇద్దరు బెంచీ మీద కూసుంటరు. మళ్ళ ఐదున్నర బండికి ఆమె పోతది. స్టేషన్ దాటి అడుగు బయట పెట్టదు. ఒక్కనాడు చాయ్ తాగనీకి రమ్మన్న, 'నాకు ఈ ఊళ్ళె కాలుపెట్టే హుకుం లేదు' అన్నది. చాయ్ నేనే లోపలికి పంపుత."

ఆ ప్యాసింజర్ వచ్చి పోయి పావుగంట అయ్యేదాకా నిరోషా చాయ్ బండి దగ్గరే కాచుకుంది. చేతిలో చెప్పు ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో చెప్పు, ప్లాట్‌ఫారం మీద బెంచీలన్నీ వెతుకుతూ నడిచింది. ఆ చివర కనిపించారు. వెనక నుంచి చూస్తే ఒక మగ భుజం, దానికి ఆనుకొని కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి భుజం. ఆ మండుటెండలో వాళ్ళిద్దరి మధ్య సన్నటి పొగమంచు అల్లాడుతోంది.

నిరోషా బెంచీ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె చెప్పు ఎత్తి ఉంది. కొంగు కింద నుంచి తలెత్తి చూసింది సుమిత్రమ్మ.

అది సుమిత్రమ్మేనా అని ఒక క్షణం అనుమానం వచ్చింది. నిండు కుండలా ఉండే మనిషి సగమైపోయింది. కుడివైపు చీర పచ్చగా, తేమగా, పొద్దున కొండ దిగినట్టే ఉంది. తమ్ముడి వైపున్న ఎడమ సగం పూర్తిగా తెల్లబారింది. ఎడమ కనుబొమ్మ తెలుపు, ఎడమ చెయ్యి తెలుపు. ఆమె ఏదో చెప్పబోయి దగ్గింది. ఆ దగ్గు నిరోషాకు బాగా తెలుసు. పదేళ్ళ సంది గనుల్లో పనిచేసినవాళ్ళ దగ్గు.

ఇమ్మానుయేలు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నిరోషా, నేను బండి ఎక్కలే. బైబిలు మీద చెప్పిన మాట తప్పలే."

"నేను గూడ మీ గడప తొక్కలే," అంది సుమిత్రమ్మ. "ఒట్టు ఒట్టే ఉన్నది."

"మరి గిదేంది?"

"పిల్లకు గాలి గావాలె. పిల్లను నువ్వు పంపవు. నేను రావొద్దు, వాడు పోవద్దు. ఇగ గాలినన్న పంపుదామని." సుమిత్రమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పొద్దుగాల వంట ఒడగొట్టి, కొండెక్కి చెట్ల నడుమ గంటసేపు కూసుంట. ఆ సల్లదనం పట్టుకొని బండెక్కుత. బండ్ల ఎవరి పక్కన కూసోను, దర్వాజ కాడ నిలబడే వస్త. వీని భుజానికి అంటిస్త. వీడు తెచ్చి పిల్లకు ఇస్తడు."

"నీకు చెప్తే వద్దంటవని చెప్పలే," అన్నాడు ఇమ్మానుయేలు. "అరుగు మీద కూసుంటే గల్లీ అంత పంచుకుంటరు, పిల్లకు ఏం మిగలదని వెనక సందుల నుంచి వచ్చిన."

నిరోషా చెప్పు దించింది గానీ వదలలేదు. ఏడాదిగా పెంచుకున్న అనుమానం ఒక్క మాటకు పోతుందా? "గింత చేస్తున్నవంటే ఊరికే చేస్తవా వదినె? ఇయ్యాల గాలి పంపుతవు, రేపు పిల్లకు అమ్మకన్న అత్తే ఎక్కువైతది. గదే గదా నీ కడుపుల ఉన్నది?"

సుమిత్రమ్మ ఒళ్ళో చేతులు చూసుకుంది.

"ఉన్నది," అంది. "అబద్ధమెందుకు? పిల్ల నా ఇంట్ల తిరిగితే బాగుండునని ఉన్నది. గుంజుకోవాలని లేదు. పిల్ల బతకాలని అన్నిటికన్న ఎక్కువున్నది."

ఇంతలో పూజిత అమ్మ చెయ్యి విడిపించుకుంది. ఎవరూ పిలవలేదు. పిల్ల నడుచుకుంటూ పోయి సుమిత్రమ్మ కుడిపక్కన, ఆ పచ్చటి తేమ వైపు, ఎక్కి కూర్చొని భుజానికి తల ఆనించింది. కళ్ళు మూసుకుంది. నిరోషాకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. స్టేషన్‌లో కూలీల కేకలున్నాయి, మైకు ఉంది, గూడ్సు బండి ఉంది. ఏది ఆగిపోయిందో తెలియడానికి కాస్త సమయం పట్టింది. పిల్లికూతలు ఆగిపోయాయి. ఏడేళ్ళలో కూతురు చప్పుడు లేకుండా ఊపిరి తీయడం ఆమె వినడం అదే మొదలు.

కానీ ఇచ్చిన దానికి సరిగ్గా అంత పుచ్చుకోవాలి గదా. చూస్తుండగానే సుమిత్రమ్మ కుడి మోచెయ్యి కూడా తెల్లబడడం మొదలైంది. ఆమె దగ్గును కొంగుతో అదిమిపెట్టింది, పిల్ల లేస్తుందని. నిరోషాకు అప్పుడు భయం వేసింది, సిగ్గూ వేసింది. సిగ్గే ఎక్కువ వేసింది. ఈ మనిషి రెండు నెలల నుంచి రోజూ తన ఇంటి దుమ్ము మోసుకుపోతోంది. తను మొగుడి చొక్కా వాసన చూస్తూ కూర్చుంది.

"నువ్వు లే," అంది మొగుడితో. అతను లేచిన చోట, సుమిత్రమ్మ ఎడమపక్కన కూర్చుంది. భుజానికి భుజం గట్టిగా ఆనించింది.

"ఏం జేస్తున్నవు నిరోషా? నీకంటుతది!"

"అంటనీ. గది నా ఇంటి దుమ్ము. నాకియ్యి వదినె."

అరగంట కూర్చున్నారు ముగ్గురూ. ఇమ్మానుయేలు ఎదురుగా నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, చెమట తుడుచుకుంటున్నట్టు నటించాడు. ఉదయం నుంచి వాకిట్లో, వంటింట్లో, అరుగు మీద నిరోషాకు అంటిన తాండూరు ఎంతో ఉంది, దాని మీద ఇదీ చేరింది; మారకంగా ఇవ్వడానికి చల్లదనం లేక ఆమె తన మంచి ఊపిరే ఇచ్చింది. ఆమె ఛాతీ బిగుసుకుంది, మొదటి దగ్గు వచ్చింది. సుమిత్రమ్మ ఎడమ చెయ్యి మాత్రం మెల్లగా తన రంగుకు వచ్చింది.

ఐదున్నర బండి వచ్చింది. సుమిత్రమ్మ లేచి, నిద్రపోతున్న పిల్లను తండ్రికి అందివ్వబోయింది. నిరోషా అడ్డం వచ్చింది. పిల్లను తనే ఎత్తుకొని బండి మెట్టెక్కి, కిటికీ పక్క సీటులో పడుకోబెట్టింది.

"ఎనిమిదింటికల్ల పండుకోబెట్టు. పాలల్ల చక్కెర ఎక్కువెయ్యకు. నేను ఆదివారం వస్త, చెప్పకుండ గూడ వస్త. సూసుకో."

"చెప్పకుండనే రా," అంది సుమిత్రమ్మ.

బండి కదిలాక నిరోషా ప్లాట్‌ఫారం మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. దేవప్ప రెండు చాయ్‌లు పట్టుకొని వచ్చి, పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పూజిత రెండో తరగతి అక్కడే చదువుతోంది. కొండ ఎక్కి దిగుతుంది, మెట్ల మీద పరుగెత్తుతుంది. నిరోషాకు అనుమానం పోయిందా అంటే, ఎక్కడ పోతుంది? ప్రతి ఆదివారం వెళ్ళి పిల్ల తల విప్పి పేలు చూస్తుంది, జబ్బ పట్టి చిక్కిందేమో చూస్తుంది, "అత్త కొట్టిందా? నిజం చెప్పు" అని మూడు రకాలుగా అడుగుతుంది. కానీ అదంతా తరువాత.

వికారాబాద్‌లో బండి దిగగానే ఆమె ఎవరి దగ్గరికీ పోదు. ప్లాట్‌ఫారం చివర ఖాళీ బెంచీ చూసుకొని ఒక్కతే కూర్చుంటుంది. పది బారల దూరంలో ఇంకో బెంచీ మీద సుమిత్రమ్మ, పూజిత. మొదటి ఆదివారం సుమిత్రమ్మ లేచి వచ్చింది. "నేను పక్కన కూసుంట, అరగంటల అయిపోతది" అంది.

"వద్దు వదినె. నీ వంతు అయిపోయింది. ఆడనే ఉండు."

ఉన్న నాలుగు గంటల్లో గంటకు పైన అలాగే పోతుంది. కొండ మీది నుంచి గాలి వస్తుంటుంది. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు.

"అయిందా అమ్మా?"

"ఇంక కాలే బిడ్డా."

నిరోషా చేతిని రుద్ది అరచెయ్యి చూసుకుంటుంది. కొంగు దులుపుతుంది. వెంట్రుకలు ముందుకు వేసుకొని వాసన చూస్తుంది. అంతా పోయిందనిపించినా నమ్మదు. మోచేతి మడతలో, చెవి వెనక, గోళ్ళ సందులో ఎక్కడైనా ఒక్క రేణువు తాండూరు మిగిలి ఉందేమోనని తనను తానే మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. ఆమె ఇంత అనుమానంగా ఇంకెవరినీ ఎప్పుడూ చూడలేదు. చివరికి రెండు చేతులూ చాపుతుంది.

"ఇగ రా."

ఆ మాట పూర్తయ్యేసరికి పిల్ల ఒళ్ళో ఉంటుంది.